జొన్నరొట్టె తిన్న పూనా పిల్లి

ముందు వినిపించింది నాలుక చప్పుడు. తప తప తప తప. కోళ్ళింకా గొంతు సవరించుకోని తెల్లవారుజామున, వాకిట్లో నీళ్ళ తొట్టి దగ్గర ఎవరో మిగిలిన చీకటిని నాకి నాకి ఖాళీ చేస్తున్నట్టు ఒకటే చప్పుడు. ఊపిరికి ఒక్క క్షణం ఆగడం, మళ్ళీ తప తప తప. ఆ చప్పుడు వెంటే తలుపు కిర్రుమంది. కొప్పు ముడుచుకుంటూ ఎస్తేరమ్మ బయటికొచ్చింది.

"కృష్ణ నీళ్ళను గూడ ఒడగొడ్తవా ఏందే" అంది పిల్లితో.

పిల్లి పేరు పూనా. ఎనిమిదేళ్ళ కిందట పూనాలో, కడుతున్న భవనం కింద, సిమెంటు సంచుల మధ్య పుట్టింది. ఎస్తేరమ్మ, ఆమె భర్త శ్రీశైలం అక్కడ పన్నెండో అంతస్తుకు ఇటుకలు మోస్తున్న కాలమది. పని ముగించుకుని ఊరికి బయల్దేరేటప్పుడు ఆమె పిండి డబ్బా ఖాళీ చేసి, మూతకు చిల్లులు పొడిచి, అరచేతిలో పట్టేంత ఆ పిల్లను అందులో పెట్టుకుని గద్వాల వైపు ధరూర్ దగ్గరి తమ పల్లెకు తెచ్చుకుంది. డబ్బాలోంచి దిగిన రోజే అది ఇంటి పెత్తనం తీసుకుంది. మొగుడూ పెళ్ళాం అలిగి మాట్లాడుకోని రోజుల్లో ఇద్దరూ దానితోనే మాట్లాడేవాళ్ళు. "మీ అమ్మకు చెప్పు, చాయ్ పెట్టమని" అని ఈయన, "మీ నాయనకు చెప్పు, చక్కెర లేదని" అని ఆమె. అది పోతే ఇల్లు మూగదైపోతుంది.

అట్లాంటి పూనా తిన్నది తింటూనే చిక్కిపోయింది. వెన్నెముక చేతికి తాడులా తగిలేది. బూడిద కుప్ప మీద అది తడిపిన చోట చీమలు బారులు తీరాయి. ఆ బారును చూడగానే ఎస్తేరమ్మకు అర్థమైంది. ఆమెకూ అయిదేళ్ళుగా షుగర్. పిల్లికి షుగరా అని ఊరు పొట్ట పట్టుకుని నవ్వింది. శ్రీశైలం కూడా, నీ పక్కలో పండి పండి దానికి అంటుకున్నదంటే ఆమె కూడా నవ్వింది.

వైద్యం ఆమే మొదలుపెట్టింది. పాలమూరు పల్లెల్లో షుగర్ అని డాక్టరు నోరు తెరవగానే, గోలీల కన్నా ముందు ఇంట్లో వరన్నం బందయి జొన్నరొట్టె వస్తుంది. అందరికీ పనికొచ్చింది పిల్లికి పనికిరాదా అనుకుంది. అప్పటిదాకా పెడుతున్న చేపముక్కా, అన్నం ముద్దా ఆపేసి, వేడి వేడి జొన్నరొట్టెను పాలలో నానబెట్టి పొద్దునా సాయంత్రం పెట్టింది. పూనా ఆ గిన్నెను చూసి, ఆమెను చూసి, మళ్ళీ గిన్నెను చూసి, ఆకలికి తలవంచి తినేది. రెండు నెలలు గడిచేసరికి వెనక కాళ్ళ మడమలు నేలకు ఆనించి, ముసలామెలా కూలబడుతూ నడవసాగింది. ఎస్తేరమ్మ నవ్వు అప్పుడు ఆగింది.

మొదట దగ్గర్లో ఉన్న ఒక పశువుల దవాఖానకు తీసుకెళ్ళింది. రిజిస్టరులో ఆవు, బర్రె, గొర్రె, మేక, కోడి గళ్ళున్నాయి. పిల్లి గడి లేదు. కాంపౌండరు పెన్ను మూత నమిలి, పూనాను అటూ ఇటూ తిప్పి చూసి, గొర్రె గడిలో ఒకటి వేశాడు. గొర్రె కాబట్టి కడుపులో పురుగులకిచ్చే నట్టల మందు తాగించాడు. తర్వాత వనపర్తిలో, పెద్ద కుక్క బొమ్మ వేలాడదీసిన ఒక దుకాణానికి పోయింది. దుకాణదారు సబ్బు ఇచ్చాడు, వెంట్రుక నిగనిగలాడుతుందని. బొచ్చు గాదు బిడ్డా, నెత్తురు చూడమని ఆమె చెబుతుండగానే పూనా పాక్కుంటూ బీరువా కింద దూరింది. బయటికి తీయడానికి ముగ్గురు మనుషులు, ఒక చీపురు కావలసి వచ్చాయి.

అది పత్తి క్రాసింగుల కాలం. గద్వాల చుట్టూ విత్తన పత్తి చేలలో మధ్యాహ్నం దాటాక రేపు విచ్చుకోబోయే మొగ్గను గోటితో చీల్చి, లోపలి పుప్పొడి కాడలను తీసేస్తారు. మర్నాడు పొద్దున వేరే రకం మొక్కల సాలు నుంచి పువ్వు తెచ్చి దానికి అద్దుతారు. గోరు వెంట్రుకంత లోతుగా దిగితే కాయ నిలవదు. అందుకే ఎస్తేరమ్మ వేళ్ళంటే ఆసాములకు గౌరవం. ఆమె గిల్లిన మొగ్గకు తనను గిల్లారని తెలియదనేవాళ్ళు. ఆ చేలో ఆమె పక్క సాలులో లింగాల నుంచి కూలికొచ్చిన ఈదమ్మ ఉండేది. ఎస్తేరమ్మ కంట్లో నీళ్ళు మొగ్గల మీద పడుతుంటే చూసి, సంగతి అడిగింది.

"మా లింగాలల ఒక డాక్టరమ్మ ఉన్నది, వర్షమ్మ. కోతి చెయ్యి ఇరిగితె పట్టి గట్టింది. గా కోతి మల్లొచ్చి మందల మందల్ని తోలుకొచ్చింది. పో అక్కా. నీ సాలు గూడ నేనే జేస్త" అంది ఈదమ్మ.

మొగ్గ ఒక్కరోజు ఆగదు, కాబట్టి ఆ మాట చిన్నది కాదు. మర్నాడు మొదటి బస్సుకు ఎస్తేరమ్మ ప్లాస్టిక్ బుట్ట మీద జాలి సంచి కట్టి, అందులో పూనాను కూర్చోబెట్టి బయల్దేరింది. ఆడవాళ్ళకు టికెట్ లేదు, ఆధార్ చూపిస్తే చాలు. కండక్టరు జీరో టికెట్ చింపి ఇచ్చి, బుట్ట వైపు చూశాడు.

"ఇది ఆడదా, మగదా?"

"ఆడదే సారూ."

"మరి ఆధార్ ఏది?"

బస్సంతా నవ్వింది. నాగర్‌కర్నూల్ దాకా ఆ నవ్వు ఆగలేదు. దిగేవాళ్ళు ఎక్కేవాళ్ళకు అప్పజెప్పి దిగారు. చిరుజల్లు పడుతోంది, కిటికీల్లో పచ్చటి చేలు పరుగెడుతున్నాయి. రెండు నెలలుగా మోసిన బరువు ఒళ్ళో ఉన్నా ఎస్తేరమ్మకు ఎందుకో ఎగురుతున్నట్టుంది.

లింగాలలో డాక్టరు వర్ష ముప్పై దాటని పిల్ల. వీళ్ళు పోయేసరికి ఒక బర్రె కడుపులో భుజం దాకా చెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని, లోపల అడ్డం తిరిగిన దూడ కాళ్ళు వెతుకుతోంది. దూడ బయటపడింది, తుమ్మింది, నిలబడబోయి పడింది. ఆమె చేతులు కడుక్కుని, స్టూలు లాక్కుని, బుట్ట ముందు కూర్చుంది. మిగతా వాళ్ళెవరూ అడగనిది అడిగింది.

"ఏం పెడుతున్నవమ్మా దీనికి?"

"జొన్నరొట్టె" అంది ఎస్తేరమ్మ గర్వంగా. "పాలల్ల నానవెట్టి. షుగరని తెలిసినకాడి నుంచి అన్నం మెతుకు ముట్టనియ్యలే."

వర్ష నవ్వబోయింది. ఆమె ముఖం చూసి ఆపుకుంది.

"జొన్నరొట్టె నీకు మంచిదమ్మా. పిల్లికి గాదు. గింజ ఏదైనా దాని ఒంట్ల షుగరే అయితది. దానికి మాంసమే కావాలె."

ఎస్తేరమ్మ బుట్టను ఒళ్ళోకి లాక్కుంది. ఇన్నాళ్ళూ దానికి విషం నా చేత్తోనే పెట్టానా అంది. తెల్వక పెట్టినవు, తెలిసినంక మార్చుతవు, అంతే అంది వర్ష. బస్సు బెదురుకు కూడా పిల్లి నెత్తుటిలో షుగర్ పెరుగుతుందని, వెంటనే సూది గుచ్చలేదు. తన గదిలో మంచం కింద వదిలేసి, ఒక తట్టలో కడిగిన గులకరాళ్ళు పోసి పెట్టింది. సాయంత్రానికి పూనా తట్టను కరుణించింది. ఆ మూత్రంలో ముంచిన కాగితపు ముక్క రంగు మారింది. ఆ తర్వాతే, అది కునుకు తీస్తుండగా చెవి అంచు నుంచి ఒక్క చుక్క నెత్తురు తీసి చూసి, అవునంది.

రోజుకు రెండుసార్లు ఇన్సులిన్. మొదట్లో అందరూ సూది చూసి భయపడతారని వర్ష మెల్లగా చెప్పబోయింది. ఎస్తేరమ్మ అప్పటికే పిల్లి మెడ వెనక చర్మాన్ని రెండు వేళ్ళతో గుడారంలా లేపింది. సూది దిగింది, వచ్చింది. పూనా పాదం నాక్కుంటూనే ఉంది. ఎక్కడ నేర్చుకున్నావని డాక్టరు అడిగితే, పత్తి చేన్లనని చెప్పింది. ఆ రాత్రి ఈదమ్మ వాళ్ళింట్లో పడుకుని, మందును చల్లటి సీసాల నడుమ పెట్టుకుని ఊరు చేరింది.

పొద్దున క్రాసింగుకు పోయేముందు ఒక సూది, సాయంత్రం మొగ్గలు గిల్లి వచ్చాక ఒకటి. శ్రీశైలం జూరాల నీళ్ళల్లో వల వేసేవాళ్ళ దగ్గర చిన్న చేపలు తెచ్చేవాడు. తన పళ్ళెంలో జొన్నరొట్టె, పిల్లి పళ్ళెంలో చేప చూసి, షుగర్ నాకెందుకు రాలేదో అని దేవుణ్ణి నిలదీసేవాడు. పూనా నడక వీడియోలు వారం వారం లింగాలకు పోయేవి. వర్ష చూసి మందు కొంచెం తగ్గించమనేది, మళ్ళీ కొంచెం. క్రిస్మస్ ముందు వారం, ఇక సూది ఆపి చూద్దామంది. మళ్ళీ రావచ్చు, కన్నేసి ఉంచమని కూడా చెప్పింది. అదే రోజు పూనా ప్రార్థన జరుగుతుండగా చర్చి రేకుల కప్పెక్కి ఆ చివరి నుంచి ఈ చివరికి పరుగెత్తింది. పాస్టరు పైకి చూశాడు. ఎస్తేరమ్మ కొంగు నోట్లో కుక్కుకుని, భుజాలు ఎగిరెగిరి పడేలా నవ్వింది. పాట మధ్యలో అందరూ ఆమె ఏడుస్తోందనుకుని మరింత గట్టిగా పాడారు.

ఈ సంగతులు రాసుకోవడానికి పోయిన మనిషిని షేర్ ఆటో దాకా సాగనంపుతూ, ఆమె చివరికి ఇట్లా అంది:

"పిల్లికైతే దొరికింది. మొన్న వర్షమ్మను నన్ను గూడ జూడమంటె, మనుషులను నేను చూడొద్దమ్మా అన్నది. ఎంత బతిమిలాడిన ఇనలే. మీరు నాలుగూర్లు తిరిగెటోళ్ళు గద సారూ, చేతులు కడుక్కోని, ముందర కూసోని అడిగేటి గసొంటి డాక్టరు మనుషులకు యాడన్న ఉంటె జర నాకు ఫోన్ జెయ్యుండ్రి."