మాస్టారి రెండో బ్రేకు

ముందు మాస్టారి కాలి గురించి చెప్పాలి. ఈ కథలో తగాదా అంతా దానితోనే.

డ్రైవింగ్ స్కూలు కారులో నేర్చుకునేవాళ్ళకో బ్రేకు, పక్క సీట్లో కూర్చుని నేర్పేవాడికో బ్రేకు ఉంటాయి. ఆ రెండో బ్రేకు తొక్కీ తొక్కీ మాస్టారికి అదొక జబ్బయి కూర్చుంది. టీవీలో కారు వేగంగా పోయినా సోఫాలోంచి నేల తొక్కుతారు. భార్య కూరగాయలు చకచకా తరిగినా బల్ల కింద ఆయన కాలు కదులుతుంది.

ఆ భార్యను శిష్యులంతా ఆఫీసమ్మ అంటారు. స్కూలు ముందుగదిలో ఫోనెత్తేదీ, గోడ మీది పటం చూపించి రోడ్డు గుర్తులు నేర్పేదీ ఆవిడే. ఊళ్ళో సగం మందికి ఎక్కడ ఆగాలో చెప్పింది గానీ, పాపం, తాను మాత్రం ఒక్కసారీ బండి ఆపి ఎరగదు. పెళ్ళైన కొత్తలో మాస్టారు నేర్పకపోలేదు. అయితే ఆవిడ కాలు బ్రేకు దాకా వెళ్ళేలోపే బండి ఆగిపోయేది. కుక్క కనిపిస్తే ఆగేది, కాగితం ఎగిరినా ఆగేది.

"ఏమండీ, ఇప్పుడు బండి ఆపింది నేనా, మీరా?"

"ఆగింది కదా, ఎవరైతేనేం?"

వారం తిరక్కుండా "నీకు రాదులే" అని తేల్చేశారు. ఆవిడ వాదించలేదు. లెర్నింగ్ లైసెన్సు గడువు తీరినప్పుడల్లా వెళ్ళి కొత్తది తెచ్చుకుని, బీరువాలో చీరల కింద పెట్టుకునేది. తాను బండిని ఆపగలదా లేదా అన్నది మాత్రం యాభై దాటినా తెలియలేదు. ఆ ముల్లు అలాగే ఉండిపోయింది.

ఇలా ఉండగా స్కూలు కిటికీకి అంటించమని ఎవరో ఇరవయ్యొక్క కిలోమీటర్ల పరుగు పందెం పోస్టరు ఇచ్చి వెళ్ళారు. మాస్టారికి నోరు ఊరుకోదు కదా! శిష్యుల ముందే "మా ఆవిడకి వీధి చివరి దాకా వెళ్తేనే ఆయాసం" అన్నారు.

ఆఫీసమ్మ పోస్టరు మూలకి జిగురు రాస్తూ, తల తిప్పకుండానే అడిగింది. "పూర్తిచేస్తే ఏమిస్తారు?"

"కారు తాళం! నువ్వే నడుపు, నేను బ్రేకు ముట్టుకుంటే ఒట్టు!"

శిష్యులు చప్పట్లు కొట్టారు. లోపల్నుంచి అత్తగారు కర్ర టకటకలాడించుకుంటూ వచ్చి, "నేను సాక్షినిరా" అంది. కొడుకు తిక్క కుదిరే రోజు కోసం ఆవిడ కూడా ఏళ్ళ తరబడి కాచుకుని ఉంది మరి.

తీరా శిక్షణ ఎవరిస్తారు? ఊళ్ళో నేర్పే మనిషి తానుండగా భార్య ఇంకొకరి దగ్గర నేర్చుకుంటే పరువేం కాను? మాస్టారే పూనుకున్నారు. పొద్దున్నే ఆఫీసమ్మ ముందు పరుగెత్తేది. వెనకే స్కూలు కారు నత్తనడక నడిచేది. స్టీరింగ్ దగ్గర ఆనాటి శిష్యుడు, పక్కన మాస్టారు, వెనక సీట్లో నీళ్ళసీసాలూ తడి తువ్వాలూ ఒళ్ళో పెట్టుకుని అత్తగారు. శిష్యుడికి క్లచ్ పాఠం, భార్యకి పరుగు పాఠం, ఒకే పెట్రోలుతో! పిసినారితనంలో మాస్టారిని మించినవాడు లేడు.

పాఠం కూడా అలాగే ఉండేది. "ఫస్ట్ గేర్లో వెళ్ళు! మలుపొచ్చింది, చెయ్యి చూపించు! స్పీడు తగ్గించు, తగ్గించు!" ఆవిడకి ఊపు వచ్చిందో లేదో, కిటికీలోంచి "బ్రేక్!" అని కేక వినిపించేది. ఠక్కున ఆగేది.

"నువ్వు దాన్ని పరుగెత్తిస్తున్నావా, ఆపుతున్నావా?" అని అత్తగారు కర్రతో సీటు వెనక పొడిచేది.

అయినా చెప్పుకోవాలి, ఆయన నేర్పింది పనిచేసింది. కొన్నాళ్ళకి ఆవిడ ఊరి చుట్టూ తిరిగొచ్చి కూడా మాట్లాడగలిగింది. దాంతో మాస్టారికి దిగులు పట్టుకుంది. భార్య గెలిస్తే తాళం పోతుంది, ఓడితే కోచ్ పరువు పోతుంది. మింగలేక కక్కలేక తిరిగారు.

పందెం రోజు రోడ్డు మీదికి కార్లను రానివ్వలేదు. తల్లీ కొడుకూ పందెం చివర్లో వచ్చే వంతెన దగ్గర తాడు వెనక నిలబడ్డారు. వెనకబడ్డవాళ్ళని ఎక్కించుకోవడానికి ఒక వ్యాను మాత్రం అందరికన్నా వెనక వస్తూ ఉంది. అది ఎక్కితే పందెం పోయినట్టే.

సగం దూరం దాటేసరికి ఆ వ్యాను ఆఫీసమ్మ వెనకాలకే వచ్చేసింది. పక్కనున్నవాళ్ళు దాని చప్పుడుకే బెదిరిపోయి, అడ్డదిడ్డంగా ఉరికి, ఆయాసపడి ఒక్కొక్కరే ఎక్కేశారు. ఆఫీసమ్మకి మాత్రం ప్రాణం లేచొచ్చింది. ఇంతసేపూ వెనక బండి లేకనే కదా కాళ్ళు తడబడ్డాయి! వ్యాను ఒకసారి కుదుపుతో ఆగిపోతే వెనక్కి తిరిగి, "క్లచ్ మెల్లిగా వదులు నాయనా" అని డ్రైవరుకి చెప్పి మరీ పరుగందుకుంది.

వంతెన ఎక్కుతుంటే మాత్రం పిక్క పట్టేసింది. తాడుకి అవతల మాస్టారు కనిపించారు. ఆయన కాలు అలవాటుగా కాలిబాటని తొక్కుతోంది. ఆవిడ ఆగిపోయింది. వ్యాను తలుపు తెరుచుకుంది.

ఆ క్షణాన మాస్టారు నోరు మూసుకుని ఉంటే చాలు, తాళం జేబులోనే ఉండేది. కానీ పిక్క పట్టుకుని నిలబడ్డ భార్య ముఖం చూస్తే ఆయనకి ఏడుపొచ్చింది.

"యాక్సిలరేటర్!" అని అరిచారు. "తొక్కవే, తొక్కు!"

ఇన్నేళ్ళలో ఆ మాట ఆయన నోట ఒక్క శిష్యుడూ వినలేదు. ఆఫీసమ్మ బిత్తరపోయింది. తర్వాత కుంటుతూనే వంతెన దిగి, వ్యానుకి అందకుండా గీత దాటేసింది.

మెడలో పతకంతో, చెమట ఉప్పై ఎండిన ముఖంతో, పిక్క సర్దుకునేదాకా కూర్చుని, అప్పుడు తాళం కోసం చెయ్యి చాపింది. "రేపు చూద్దాంలే" అని మాస్టారు నసిగారు. అత్తగారు కర్ర ఎత్తింది. తాళం చేతికొచ్చింది.

పక్క వీధిలో నిలిపిన స్కూలు కారులో అత్తగారు వెనక సీటెక్కింది. ఆఫీసమ్మ స్టీరింగ్ దగ్గర కూర్చుంది గానీ బండి తీయలేదు. పక్క సీటు కిందికి చూస్తూ ఉంది.

"కాళ్ళు పైన పెట్టుకోండి."

"ఏమిటీ?"

"బాసింపట్టు వేసుకుని కూర్చోండి. మీ మాట నమ్ముతాను గానీ, మీ కాలిని నమ్మను."

మాస్టారు చెప్పులు విప్పి, మోకాళ్ళు మడిచి, పాఠానికి కూర్చున్న పిల్లాడిలా సీటు మీద ముడుచుకున్నారు. బండి కదిలింది. రెండు వీధులు దాటాక ఎర్ర దీపం పడింది. మాస్టారు తన కాలి బొటనవేలు చేత్తో గట్టిగా పట్టుకున్నారు. బండి మెత్తగా, తెల్ల గీతకి జానెడు ఇవతల ఆగింది.

ఆఫీసమ్మ ముందుకే చూస్తూ అడిగింది. "ఏమండీ, ఇప్పుడెవరాపారు?"

"నువ్వే" అన్నారు మాస్టారు. "ఒట్టు, నువ్వే."

ఆవిడకి కళ్ళు మసకబారాయి. పచ్చ దీపం వచ్చింది, వెనక బళ్ళు హారన్లు కొడుతున్నాయి.

"ఆపింది చాల్లేవే తల్లీ," అంది వెనక సీట్లోంచి అత్తగారు, "ఇక పోనీ!"