పద్మకుమారి సైడిచ్చింది

ఒడిశాలోని సునాబెడ ఫ్యాక్టరీలో టెక్నీషియన్‌గా పనిచేసి రిటైరైన భీమారావుకి ఎడమకంటి చూపు మందగించింది. ఇక స్టీరింగు ముట్టుకోవద్దని డాక్టరు ఖండితంగా చెప్పేశాడు. దాంతో ఆయన పాత మారుతి కారు ఇంటి ముందు కవరు కప్పుకొని పడుంది. కూతురు కిరణ్మయి కాపురం రాయగడలో. రైలు వేళలు కుదరవు. బస్సెక్కితే భీమారావుకి కడుపులో తిప్పుతుంది. ఇలా అయితే కూతురి మొహం చూసేదెప్పుడని యాభై దాటిన ఆయన భార్య పద్మకుమారి ఓ రోజు కవరు లాగి అవతల పడేసి, డ్రైవింగ్ నేర్చుకుంది.

టౌన్‌షిప్‌లో ఖాళీ రోడ్ల మీద బాగానే నడిపేది. రాయగడ వెళ్లే ఘాటీ రోడ్డు అలా కాదు కదా. ఒకపక్క కొండ, ఒకపక్క లోయ, మలుపు తిరిగితే ఎదురుగా ఏముందో తెలియదు. ఆవిడ మెల్లగా వెళ్లేది. వెనక బళ్లు బారులు తీరేవి, హారన్లు మోగేవి. పక్కసీట్లో భీమారావు నోరు ఊరుకునేది కాదు. "గేరు మార్చు", "క్లచ్ వదులు", "అద్దం చూడు". రాయగడ చేరేసరికి ఇద్దరికీ మాటలుండేవి కావు.

ఒక ఆదివారం పొద్దున కాకిరిగుమ్మ దాటాక వెనక ఒక సర్వీసు బొలెరో తగులుకుంది. చూస్తుండగానే అద్దం నిండా దాని మొహమే. డ్రైవరు హారన్ మీంచి చెయ్యి తియ్యడం లేదు.

"బేగి పోనీ! డిక్కీలోకి వచ్చేసేలాగున్నాడు ఆడు," అన్నాడు భీమారావు.

పద్మకుమారి స్టీరింగుని గట్టిగా పట్టుకుంది. రోడ్డు తిన్నగా ఉన్నచోట బొలెరో దాటబోయింది. పక్కనే ఆ ఇంజను మోత వినేసరికి ఆవిడ గుండె ఝల్లుమంది. ఎదురుగా బస్సొకటి వచ్చింది. బొలెరో కీచుమని వెనక్కి తగ్గింది. కాసేపటికి మళ్లీ అదే తంతు. చివరికి ఎలాగో దాటి, దుమ్ము లేపుకుంటూ వెళ్లిపోయింది.

లక్ష్మీపూర్ దగ్గర ఒక టీ హోటల్ ముందు ఆ బొలెరో ఆగి ఉంది. డ్రైవరు గ్లాసు పట్టుకుని బానెట్‌కి ఆనుకుని నిలబడ్డాడు. "ఆపకు, ఎందుకొచ్చిన గొడవ," అన్నాడు భీమారావు. పద్మకుమారి ఆపింది. కారు దిగి, తిన్నగా అతని దగ్గరికే నడిచింది.

"ఏటి బాబూ, అలా మీద పడిపోతావు? నా కారుకీ నీ బండికీ మధ్యని చెయ్యి పట్టే సందు లేదు. నేను బ్రేకేస్తే ఏటయ్యేది?"

"మావుసీ..." అని ఒడియాలో ఏదో అనబోయినవాడు ఆగి, "పిన్నీ, మీరు తెలుగోలా!" అన్నాడు.

"తెలుగోలమైతే గుద్దకుండా వదిలేస్తావేటి?"

బొలెరోలో కూర్చున్నవాళ్లు ఘొల్లుమన్నారు. సంత బుట్ట ఒళ్లో పెట్టుకున్న బంగారమ్మ అనే ముసలామె కిటికీలోంచి తల బయటపెట్టి, "బాగా పెట్టమ్మా గడ్డి! పొద్దుటేల నుంచీ నానూ అదే సెప్తన్నాను ఈ బాబిగాడికి. ఇంటే కదా!" అంది.

బాబి తల గోక్కున్నాడు. "తప్పే పిన్నీ, అంత దగ్గరికి రాకూడదు. గానీ ఒక్క మాట, కోపం తెచ్చుకోకండి. మీరు మెల్లిగా ఎల్తే మాకేటీ బాధ నేదు. నాను దాటతన్నప్పుడే మీరు స్పీడు పెంచేస్తన్నారు. రెండుసార్లూ అదే సేసేరు. ఆ బస్సు ఎదరపడ్డప్పుడు నా పేనం గొంతులోకొచ్చీసింది."

"నేనా? నేను పెంచేనా?" పద్మకుమారి మొగుడి వైపు తిరిగింది.

అప్పటికి కారు దిగి వచ్చిన భీమారావు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "పెంచేవే," అన్నాడు మెల్లగా. "బేగి పోనీ, బేగి పోనీ అని నిన్ను కంగారుపెట్టింది నేనే కదా."

ఆవిడ కోపం అక్కడితో జారిపోయింది. భయంలో తన కాలు ఏం చేస్తోందో తనకే తెలియలేదన్నమాట. "అయితే ఏటి చెయ్యమంటావు?" అనడిగింది.

"మరేటీ నేదు పిన్నీ. రోడ్డు తిన్నగా ఉన్నకాడ ఎడమకి జరిగి, ఏక్సిలేటరు మీంచి కాలు ఎత్తీసి, సెయ్యి ఊపండి. నాను ఎనకాల దూరంగా ఉంటాను. ఒక్కసారే హారన్ కొడతాను."

ఆవిడ సరేనంది. అందరూ టీ తాగారు.

మళ్లీ బయల్దేరాక లోడు లారీ ఒకటి వెనక చేరింది. పద్మకుమారి తిన్నని రోడ్డు వచ్చేదాకా ఆగి, ఎడమకి జరిగి, కాలెత్తి, చెయ్యి బయటపెట్టి రమ్మన్నట్టు ఊపింది. లారీ దర్జాగా దాటి, పీప్ మని పొట్టి హారన్ కొట్టింది. తిట్టు కాదది, దండం. ఇంటికొచ్చినవాళ్లకి పీట వేసినట్టనిపించింది ఆవిడకి.

అప్పట్నుంచి ఆవిడకి ఆ రోడ్డు వేరుగా కనబడసాగింది. ఎక్కడ వెడల్పు, ఎక్కడ కల్వర్టు, ఎక్కడ పక్కకి దిగితే చక్రం కూరుకుపోతుంది, అన్నీ మనసుకి పట్టాయి. స్పీడు మాత్రం ఇసుమంతైనా పెరగలేదు. మలుపులో ఇంద్రుడొచ్చి హారన్ కొట్టినా చెయ్యి ఊపేది కాదు. ఓసారి కుర్రాళ్ల కారొకటి మలుపులో గోలగోల చేసింది. ఆవిడ చలించలేదు. అంతలో ఎదురుగా కర్రల లారీ రోడ్డంతా ఆక్రమించుకుని వచ్చింది. మలుపు దాటి ఆవిడ సైడిచ్చినప్పుడు, ఆ కుర్రాళ్లు హారన్ కొట్టకుండా బుద్ధిగా వెళ్లారు.

బాబి చాలా ఆదివారాలు తగిలేవాడు. దూరం నుంచే ఒక్క హారన్ కొట్టి ఆగేవాడు. ఆవిడ చెయ్యి ఊపగానే పక్కనుంచి పోతూ "ఒస్తాను పిన్నీ!" అని కేకేసేవాడు. భీమారావు నవ్వేవాడు. అద్దం చూడమని చెప్పడం ఎప్పుడు మానేశాడో ఆయనకే తెలియదు.

మొన్న వానాకాలంలో ఓ ఆదివారం, కొండల మీద మబ్బు దిగి సన్నగా జల్లు పడుతుంటే, లక్ష్మీపూర్ దాటగానే ఆయన తల ఒక పక్కకి వాలిపోయింది. చిన్నగా గురక. పద్మకుమారి ఓసారి చూసి నవ్వుకుంది. వెనకొచ్చిన బస్సుకి సైడిచ్చింది. గుంటలు తప్పిస్తూ, వైపర్ల చప్పుడు వింటూ, తొందరేం లేకుండా రాయగడ చేరింది.

గొడుగేసుకుని గేటు దగ్గరికి పరిగెత్తుకొచ్చిన కిరణ్మయి, "ఏటమ్మా ఇంతసేపు?" అంది గట్టిగా.

"మెల్లిగా అమ్మీ," అంది పద్మకుమారి కిటికీ అద్దం కొంచెం దించి. "మీ నాన్న నిద్రపోతన్నాడు. టీ ఇక్కడికే పట్రా."