ఎడమచేతి నడికట్టు

దయ్యాలున్నాయని నేనెన్నడూ నమ్మలేదు. సముద్రంలో పోయినవాళ్ళు చీకటిపడ్డాక ఒడ్డుకొచ్చి పేరు పెట్టి పిలుస్తారని మా పేటలో చెప్పుకునేవారు. చిన్నప్పుడే నాకది పట్టేది కాదు. బాప్తిస్మం తీసుకున్నాక అసలే లేదు. చనిపోయినవారు కడబూర మోగేదాకా నిద్రిస్తారని వాక్యంలో నేర్చుకున్నదాన్ని, సంఘంలో ఆడవాళ్ళకు నేర్పినదాన్ని. ఇది రాస్తున్నప్పుడు కూడా ఆ నమ్మకం మీదే ఉన్నాను.

మాది ఉద్దానం తీరంలో చేపలు పట్టే పేట. మిషను బడి పంతులుగారిని పెళ్ళాడి టెక్కలి వచ్చాను. మా వైపు బిడ్డ పుట్టగానే బాలింతకు నడికట్టు కడతారు. పాత చీరను పొడవుగా చించి, వదులైన కడుపు చుట్టూ బిగించి ముడి వేస్తారు. మొదటి కట్టు కన్నతల్లి కట్టాలి. నా తొలి కాన్పుకు కబురు పంపితే మా అమ్మ రాలేదు. నేను నీళ్ళలో మునిగి బాప్తిస్మం తీసుకున్నానని ఆమెకు కోపం. ఆమె మాట మాత్రం కబురు తీసుకెళ్ళినవాడితో తిరిగి వచ్చింది.

"మునిగినప్పుడు నన్నడిగి మునిగిందేటి? ముంచినోల్లనే వచ్చి కట్టమను."

మా వారు మిషను హాస్టలులో పెరిగిన అనాథ. నాకు అత్తగారు లేరు. తొలి కాన్పుకే కాదు, ఆ తరువాత ఏ కాన్పుకూ నాకు నడికట్టు లేదు. మధ్యలో అమ్మ జ్వరంతో పోయింది. మా మధ్య మాటలు లేకుండానే పోయింది.

చివరి బిడ్డ పుట్టాక నా కడుపు జారి వేలాడింది. బొడ్డు దగ్గర కండ రెండుగా విడిపోయి, లేచి నిలబడితే కొబ్బరికాయంత ఉబ్బు ముందుకొచ్చేది. నూతిలో నీళ్ళు తోడలేకపోయాను, పిల్లను ఎత్తుకోలేకపోయాను. మిషను ఆసుపత్రిలో దొరసాని డాక్టరు చూసి, వేలాడే చర్మం కోసి తీసేసి, విడిపోయిన కండను దగ్గరకు లాగి కుడతానంది. జరగబోయేదంతా తన పుస్తకాల తెలుగులో విడమరిచి చెప్పింది.

"తరువాత మీరు కొంతకాలము వంగి నడువవలెను. బిందె ఎత్తరాదు. బొడ్డు క్రింద స్పర్శ తెలియకపోవచ్చును. అన్నిటికంటె దగ్గు ప్రమాదము. కుట్లు తెగినయెడల మరల కుట్టుటకు మీకు బలమైన కండ మిగలదు."

పక్క మంచం మీద కాలిపుండుతో అప్పలమ్మ ఉండేది. కొబ్బరితోటల ఊరి రైతు ఇల్లాలు. "గోనె మూతి కుట్టినట్టు కుట్టీడమేనేటమ్మా? అయితే నా నోరు కూడా కుట్టమను, మా కోడలు కొబ్బరికాయ కొడతాది" అనేది. కోత అయ్యాక ఆమె మాటలకు నవ్వడం కూడా భయమైంది.

క్లోరోఫారం తీపి వాసన చాలా సేపు గొంతులోనే ఉంది. వాంతులు తగ్గాక కఫం పట్టింది. ఆదివారం పొద్దున్న అందరూ ఆరాధనకు వెళ్ళారు. ఆవరణ అవతలి గుడిలో పాట వినబడుతోంది. గదిలో నేనూ అప్పలమ్మా ఉన్నాం. అప్పుడు దగ్గు వచ్చింది.

మొదటి దగ్గుకే కుట్ల దగ్గర కాల్చిన తీగ లాగినట్టయింది. రెండోది గొంతులో ఉంది. పిల్లలు కళ్ళముందు కదిలారు. కళ్ళు మూసుకుని ప్రభువును పిలిచాను.

రెండు పక్కల నుంచీ చేతులు వచ్చి నా కడుపును దగ్గరకు అదిమి పట్టుకున్నాయి.

"మోకాళ్ళు ముడుసుకో గుంటా. దగ్గీయి. నాను పట్టినాను."

దగ్గాను. ఏమీ తెగలేదు. నడుము కింద నుంచి ఒక గుడ్డ దూరి చుట్టుకుంది. ఎవరో మంచం పట్టెకు కాలు తన్నిపెట్టి లాగి బిగించారు. చుట్ట వాసన, వలలకు రంగు పట్టించే బెరడు వాసన వచ్చాయి. కళ్ళు తెరవాలని అనుకున్నాను. తెరవలేదు. ఆ బిగువులో, ఆసుపత్రికి వచ్చాక మొదటిసారి నొప్పి లేకుండా నిద్రపోయాను.

ఆరాధన అయ్యాక నర్సు వచ్చి, "ఎవరు కట్టారిది?" అని గద్దించింది.

"ఇంకెవలు? ఈల్లమ్మే" అంది అప్పలమ్మ. "ఇంతసేపూ ఇక్కడే కూకుంది. అడ్డపొగ తాగతన్నాది కదాని ఓ సుట్టముక్క అడిగినాను. నేదనీసింది. పిసినిది."

మా అమ్మ చుట్ట అలాగే, నిప్పు నోట్లోకి పెట్టి తాగేది. ఆమె గురించి నేను అప్పలమ్మకు ఒక్క మాట చెప్పలేదు. మా వైపు ముసలమ్మలు చాలామంది అలా తాగుతారు, నిజమే. ఆదివారం కనుక ఎవరు వచ్చి వెళ్ళినా కాపలావాడు చూసి ఉండకపోవచ్చు. అదీ నేను కొట్టిపారేయను.

గుడ్డ నా మూటలోని పాత చీరే, పొడవుగా చించి ఉంది. కాని ముడి ఎడమవైపు ఉంది, తిరగబడి ఉంది. మా అమ్మది ఎడమచేతి వాటం. ఆమె వలకు బెండ్లు కడితే ముడి అలాగే తిరగబడేది. ఎవరి వలలో కలిసినా పేటలో ఆమె ముడిని పోల్చుకునేవారు. ఎంత ప్రయత్నించినా నాకు ఆ ముడి రాలేదు.

దొరసాని మొదట కోపగించింది. కట్టు పైకి జరిపి కుట్లు చూసి, ఒక్కటీ తెగలేదని, అలాగే ఉంచమని చెప్పింది.

నాటు వేసే మనిషిలా వంగి ఇంటికొచ్చాను. కొన్నాళ్ళకు నిటారుగా నిలబడ్డాను, పిల్లను ఎత్తుకున్నాను. బొడ్డు కింద చర్మం మాత్రం ఇప్పటికీ నాది కానట్టే ఉంటుంది.

పాస్టరుగారు విని, సాతాను వెలుగుదూత వేషం కూడా వేస్తాడు జాగ్రత్త అన్నారు. తల వంచుకున్నాను. కాని నాశనం కోరేవాడు నా కుట్లను ఎందుకు కాపాడతాడు? ప్రభువు దూతను పంపాడని సంఘంలో ఒకామె అంది. అప్పలమ్మ చుట్ట అడిగిన సంగతి ఆమెకు చెప్పలేదు.

అమ్మ ప్రభువును ఎరగకుండా పోయింది. పోయినవారి కోసం ప్రార్థించడం మా సంఘంలో లేదు, నేనూ చేయను. ఆ మేలుకు మాత్రం ప్రతి ఆదివారం కృతజ్ఞత చెబుతాను. నన్ను పట్టుకున్న చేతుల కోసం స్తోత్రం అని మొదలుపెడతాను. ఎవరి చేతులో చెప్పవలసిన చోటికి వచ్చేసరికి, ఇన్నేళ్ళయినా, ఆగిపోతాను.