కుడివైపు జేబు చొక్కా

మిషనక్కను మీరు కలిసి తీరాలి. ఇంకెవర్ని కలవకపోయినా ఫర్వాలేదు గానీ, ఈవిణ్ణి కలవకపోతే మాత్రం ఏదో పోగొట్టుకున్నట్టే. కుట్టుమిషను ముందు కూర్చుంటుంది కాబట్టి వీధి మొత్తానికీ మిషనక్క. అసలు పేరు ఏమిటని అడిగితే మొగుడు కూడా ఒక్క క్షణం ఆలోచిస్తాడు.

ఆవిడకో వింత అలవాటుంది. మనుషుల మొహాలు అస్సలు గుర్తుండవు. బట్టలు గుర్తుంటాయి. బజార్లో ఎవరైనా ఎదురై "బాగున్నావా అక్కా?" అంటే ముందు భుజం కుట్టు చూస్తుంది, తర్వాత చేతి అంచు చూస్తుంది, అప్పుడు మొహం వెలుగుతుంది. "ఓ, నువ్వా! చంక దగ్గర పట్టేస్తోందన్నావు, వదులు చేశాక సరిపోయిందా?" అని నలుగురిలో గట్టిగా అడుగుతుంది. ఆ అడిగించుకున్న మనిషి సిగ్గుతో చచ్చిపోవాలి.

బస్సు డ్రైవరైన మొగుడు దీని మీద జోకులు వేయని రోజు లేదు. "రేపు నేను తప్పిపోయాననుకో, పోలీసులకి నా మొహం ఎలా ఉంటుందో చెప్పలేవు. ప్యాంటు పొడవు మాత్రం చెప్తావు."

"మీ మొహంలో గుర్తు పెట్టుకునేదేముందని?" అంటుంది ఆవిడ, నోట్లో దారం తెంపుతూ.

ముందుగదిలో కిటికీ పక్కనే మిషను. కిటికీలోంచి చూస్తే ఎదురిల్లు. వీధి ఎంత సన్నమంటే ఈ ఇంట్లో తుమ్మితే ఆ ఇంట్లో వాళ్లు చల్లగా ఉండమంటారు. ఎదురింట్లో కింద భాగం తాళం వేసిన గోడౌను. పైన ఒకే ఒక పోర్షను. బయటనుంచే మెట్లు. అందులో ఒక నర్సు ఒంటరిగా ఉంటుంది. రాత్రంతా ఆసుపత్రి డ్యూటీ, పొద్దున వచ్చి ఫోను నోరు నొక్కేసి పడుకుంటే సాయంత్రం దాకా లోకంతో పని లేదు. "అక్కా, దొంగలొచ్చినా నేను లేవను. వాళ్లే లేపి ఫలానా వస్తువు ఎక్కడుందో అడగాలి" అని నవ్వేది.

మిషనక్కకి ఆ నవ్వు నచ్చేది కాదు. ఎందుకంటే కొన్నాళ్లుగా వీధిలో ఏదో తేడాగా ఉంది. మలుపు దగ్గర ఎవడో బండి ఆపుకుని ఫోను చూస్తుంటాడు. చూపులు మాత్రం ఫోను మీద ఉండవు, పై మెట్ల మీద ఉంటాయి. ఒకసారి ఎదురింటి గేటు గడియ దానంతటదే తీసి ఉంది. ఇంకోసారి నర్సు తలుపు సందులో ఒక కరపత్రం దోపి ఉంది. చుట్టుపక్కల ఏ ఇంటికీ లేదు. సాయంత్రం దాకా అది అలాగే ఉండటం చూసి ఆవిడే వెళ్లి తీసేసింది.

"ఒక్క ఇంటికే కరపత్రం పంచేవాడు ఎవడండీ? తీస్తారో లేదో చూడటానికే పెట్టాడు" అంది మొగుడితో.

"పాపం, ఒక్కటే అచ్చు వేయించుకున్నాడేమో."

"మీకన్నీ నవ్వులాటే!"

ఆవిడ గోల పడలేక నర్సు తలుపు చూపించింది. చెక్క ఉబ్బిపోయి పై గడియ రంధ్రంలోకి దిగడం లేదు. వడ్రంగి రేపు రేపు అంటూ తిప్పుతున్నాడు. అప్పుడు మిషనక్కకి ఒక ఉపాయం తట్టింది.

"మీ తమ్ముడి చొక్కా ఒకటి ఉండిపోయిందన్నావుగా? అది బాల్కనీ తీగ మీద ఆరేసి ఉంచు. ఇంట్లో మగమనిషి ఉన్నాడనుకుంటారు."

ఆ తమ్ముడు ఆ మధ్య కొన్నాళ్లు అక్క దగ్గర ఉండి, ఉద్యోగం రాగానే వేరే ఊరెళ్లాడు. నీలం గళ్ల చొక్కా మరిచిపోయి వెళ్లాడు. దాన్ని కుట్టింది మిషనక్కే. కుర్రాడిది ఎడమచేతి వాటం. "అందరికీ గుండె మీద కుట్టే జేబు నాకు కుడివైపు కుట్టక్కా, పెన్ను తీసుకోవడానికి వీలుగా ఉంటుంది" అని అడిగి మరీ కుట్టించుకున్నాడు. అలాంటి జేబు ఆవిడ జన్మలో ఇంకోటి కుట్టలేదు. ఆ చొక్కా తీగ మీద ఊగుతుంటే మిషనక్కకి కాస్త ఊపిరి ఆడింది. కాస్తే. మిషను తొక్కుతున్నా కళ్లు కిటికీలోనే. ఒక లంగాకి రెండు కాళ్లు కుట్టబోయి తనే నాలిక్కరుచుకుంది.

ఒక మధ్యాహ్నం అలాగే తల ఎత్తేసరికి ఎదురింటి గేటు దగ్గర నీలం గళ్లు కనబడ్డాయి. వెనకనుంచి. భుజాల కింద తను వేసిన అతుకు, కాలరు మడత, అంతా తనదే. నెత్తి మీద టోపీ. ఆవిడ గుండెల మీది బరువు ఒక్కసారిగా దిగిపోయింది. తమ్ముడొచ్చాడు! ఇక భయం లేదు.

"ఏం తమ్ముడూ! చెప్పాపెట్టకుండా దిగావేంటి?" అని కిటికీలోంచి కేకేసింది. "మీ అక్క మంచి నిద్రలో ఉంది, బెల్లు కొట్టినా లేవదు. తలుపు కాస్త గట్టిగా తొయ్యి. పై గడియ పడదులే!"

అతను వెనక్కి తిరక్కుండానే చెయ్యి ఎత్తాడు. గేటు తీసి మెట్ల కోసం పక్కకి తిరిగాడు, టోపీ కింద మొహం కనబడలేదు. చేతిలో ఫోను జేబులో పెట్టుకోబోయాడు.

చెయ్యి ఎడమ రొమ్ము మీదికి వెళ్లింది. అక్కడ జేబు లేదు. గుడ్డ మీద జారింది. అతను తల వంచి చూసుకుని, అప్పుడు కుడివైపు వెతుక్కున్నాడు.

మిషనక్క కాలు పెడలు మీదే ఆగిపోయింది. తన జేబు ఎక్కడుందో తెలియనివాడు ఆ చొక్కా ఎలా వేసుకున్నాడు? కళ్లు బాల్కనీ మీదికి పోయాయి. తీగ మీద క్లిప్పులు మాత్రమే ఉన్నాయి. తను అన్నానికి లేచినప్పుడు లాగేసుకున్నాడన్నమాట.

నిద్రపోతోందని చెప్పింది. లేవదని చెప్పింది. గడియ పడదని కూడా తన నోటితోనే చెప్పింది!

నర్సుకి ఫోను చేసింది. మోగుతోంది, ఎత్తడం లేదు. పోలీసు నంబరుకి చేసింది. అవతల ఒకమ్మాయి నెమ్మదిగా అడిగింది, "మనిషి మొహం ఎలా ఉందమ్మా?"

"మొహం చూళ్లేదు తల్లీ, చొక్కా చెప్తా రాసుకో. నీలం గళ్లు, కుడి జేబు, ఒంటికి వదులు. అంటే ఆ కుర్రాడికంటే వీడు సన్నం."

"సరేనమ్మా, బండి పంపిస్తున్నాం. మీరు లోపలే ఉండండి. అతనికి ఎదురెళ్లకండి. చూడగలిగింది చూసి గుర్తు పెట్టుకోండి."

లోపలే ఉండాలి. ఎలా ఉంటుంది? వాడు మెట్లెక్కుతున్నాడు. లేచింది, కూర్చుంది, మళ్లీ లేచింది. మలుపులో లాండ్రీ బాబాయ్‌కి ఫోను కలిపింది. "బాబాయ్, నర్సమ్మ మెట్ల మీదున్నవాడు దొంగ! నువ్వు పైకెళ్లకు. కిందే నిలబడి పెద్దగా కేకలెయ్!" అని, గుడ్డలు కోసే పెద్ద కత్తెర తీసి కిటికీ ఊచల మీద టంగుటంగున వాయించడం మొదలుపెట్టింది. "నర్సమ్మా! లే! నర్సమ్మా!"

వాడు అప్పటికే తలుపు మీద భుజం ఆనించాడు. తలుపు కిర్రుమని సగం కదిలింది. చప్పుడుకి వీధిలో ఒక్కో తలుపూ తెరుచుకుంటుంటే ఆగాడు. కాసేపు ఆలోచించాడు. తర్వాత ఏమీ ఎరగనట్టు మెట్లు దిగి వచ్చాడు. గేటుకి అడ్డంగా బాబాయ్.

"ఎవరయ్యా నువ్వు?"

"ఈ ఇంటావిడ తమ్ముణ్ణి. ఇందాక ఆ అక్కే పలకరించింది, అడుగు కావాలంటే."

బాబాయ్ అయోమయంగా కిటికీ వైపు తిరిగాడు. "నువ్వే పలకరించావంటగా అమ్మాయ్? చొక్కా కూడా ఆ అబ్బాయిదే. నేనెన్నిసార్లు ఇస్త్రీ చేయలేదు!"

"పలకరించాను బాబాయ్, బుద్ధి లేక." మిషనక్క ఊచల మీదికి వంగింది. "తమ్ముడూ, ఆ జేబు కుడివైపుందేం?"

వాడు కిందికి చూసుకుని నవ్వాడు. "ఏమో, ఆ టైలరు తాగి కుట్టినట్టున్నాడు."

బాబాయ్ మెల్లగా అన్నాడు, "తాగి కుట్టిన టైలరు ఆ కిటికీలోనే ఉందయ్యా."

వాడి నవ్వు పోయింది. కుడిచెయ్యి వెనక్కి, ప్యాంటు జేబులోకి వెళ్లి అక్కడే ఉండిపోయింది. బాబాయ్ గేటు ఊచలు రెండు చేతులా బిగించాడు.

"బాబాయ్, గేటు వదిలెయ్. దారివ్వు" అంది మిషనక్క.

"ఏంటమ్మాయ్! చేతికి చిక్కినోణ్ణి వదిలెయ్యాలా?"

"ఆ చేతిలో ఏముందో నీకు తెలుసా? వదలమన్నానా!"

బాబాయ్ పళ్లు కొరుకుతూ పక్కకి జరిగాడు. వాడు నాలుగడుగులు నడిచి, తర్వాత పరుగందుకున్నాడు. ఆ కాస్తలో మిషనక్క జీవితంలో మొదటిసారి ఒక మొహాన్ని టేపు పెట్టి కొలిచినట్టు చూసింది. గడ్డం కింద మచ్చ, ఒక కనుబొమ్మ మధ్యలో తెగి ఉంది, చెవులు చిన్నవి. పోలీసులొచ్చాక తడబడకుండా చెప్పింది.

పైన తలుపు తెరుచుకుంది. చెంప మీద దిండు ముడతలతో నర్సు. "ఏంటక్కా గోల? ఎవరికైనా సీరియసా?"

మిషనక్క అప్పటికప్పుడే అంతా చెప్పేసింది, తను వేసిన కేకతో సహా. నర్సు వెనక్కి తిరిగి ఆ తలుపునీ గడియనీ ఓసారి చూసుకుంది. "అక్కా, ఇక నా నిజం తమ్ముడొచ్చినా సరే, నాకు చెప్పకుండా గడియ సంగతి చెప్పకు" అంది. ఆ సాయంత్రమే వడ్రంగి దొరికాడు. మొగుడు జోకు వేయకుండా కొత్త గడియకి మేకులు అందిస్తూ నిలబడ్డాడు.

వాడు మాత్రం ఇంకా దొరకలేదు. లాండ్రీ బాబాయ్ ఇస్త్రీపెట్టె ఆడిస్తూ ఇప్పటికీ సణుగుతాడు, నేను పట్టుకునేవాణ్ణి, ఈ అమ్మాయి పట్టుకోనివ్వలేదని. బాబాయ్ చేతులు రెండూ క్షేమంగా ఉన్నందుకు మిషనక్కకి సంతోషమే. కానీ వీధిలో నీలం గళ్లు కనబడితే చాలు, మిషను ఆగిపోతుంది. తను కుట్టిన చొక్కా వేసుకుని వాడు ఇంకే వీధిలో తిరుగుతున్నాడో, ఏ అక్క కిటికీలోంచి "తమ్ముడూ" అని పిలుస్తోందో!

ఇప్పుడు మీరు చెప్పండి. ఆ కిటికీలో మీరుంటే గేటు వదలమనేవారా, బిగించి పట్టుకోమనేవారా?