అమ్మ కేక, అమ్మాయి రిపోర్టు

మా రాజమండ్రి వీధిలోకి పొద్దున్నే మోటారు సైకిలు మీద చేపలు తెచ్చే మనిషి అసలు నోరు విప్పడు. హ్యాండిలుకి కట్టిన చిన్న మైకులోంచి, ఎప్పుడో రికార్డు చేసిన గొంతొకటి రొయ్యలమ్మా, పండుగప్పలమ్మా అని అరుస్తూనే ఉంటుంది. ఎండైనా వానైనా దానికి బొంగురుపోవడమంటే తెలియదు. మొన్న అది సందు చివర అరుస్తూ ఉండగానే మా అమ్మాయి ఫోనుకి రక్తపరీక్ష రిపోర్టు వచ్చింది. డాక్టరు గారు చూసేది సాయంత్రం గాని కాదు. ఆ పగలంతా నేను కుదురుగా కూర్చున్నది లేదు. వంటింట్లోకి వెళ్ళి ఎందుకు వెళ్ళానో మరిచిపోయి వెనక్కి రావడం, కళ్ళద్దాలు పెట్టుకుని ఫోను అందుకోవడం, హద్దు దాటాయని ముదురుగా అచ్చేసిన ఆ అంకెలు చూసి మళ్ళీ బల్ల మీద పెట్టేయడం, ఇదే పని.

మా అమ్మాయి బడిలో పాఠాలు చెబుతుంది, గొంతే దాని బతుకుతెరువు. కొంతకాలంగా దానికి నీరసం, ముఖంలో ఉబ్బు, దువ్వెన నిండా జుట్టు, అవి చాలవన్నట్టు గొంతు బొంగురు. థైరాయిడ్ అన్నారు, అందులో హషిమోటో రకమన్నారు, మాత్ర రాశారు. మాత్ర వేసుకుంటున్నా ఈసారి టీఎస్‌హెచ్ పైపైకే ఎక్కింది, యాంటీబాడీలు అన్నచోట అంకె ఉండాల్సినదానికి ఎన్నో రెట్లుంది, ఐరను నిల్వ, డీ విటమిను, బీ ట్వెల్వు మూడూ అడుగంటి ఉన్నాయి. మందు పనిచెయ్యడం లేదేమో, క్లాసులో నిలబడి నోరు తెరిస్తే మాట రాని రోజు వస్తుందేమో అని అదీ నేనూ ఒకరికొకరం చెప్పుకోకుండానే భయపడుతున్నాం. నా భయానికి ఇంకో కారణం కూడా ఉంది. అలాంటి గొంతు నేను ఇంతకు ముందే విన్నాను.

మాది మొగల్తూరు దాటాక సముద్రం వైపు ఊరు. నాన్న వేటకి వెళితే అమ్మ చేపలమ్మేది. నా ఈడువాళ్ళకి గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో చేపలమ్మే మనిషి వచ్చిందంటే ముందు గొంతు వచ్చేది, తర్వాత వాసన వచ్చేది, ఆ తర్వాతే మనిషి. అమ్మ నెత్తి మీద చుట్టకుదురు పెట్టి, దాని మీద తట్ట ఎత్తుకుని, కానగంతలమ్మా, నెత్తళ్ళమ్మా అని కేకేస్తే కాలవ అవతలి గట్టు మీది ఇళ్ళల్లోంచి కూడా గిన్నెలు పట్టుకుని బయటికొచ్చేవారు. కార్తీక మాసంలో మాత్రం నీచు ముట్టని వాళ్ళ వీధుల్లో పెదవి కదపకుండా నడిచేది, వాళ్ళ మడికి మన కేక తగలకూడదే అనేది. నెల పోయాక మొదటి కేకకి ఆ వీధే ముందు పలికేది, అది వేరే సంగతి.

అంత గొంతూ మెల్లమెల్లగా మందమైపోయింది. ఒకసారి రోజూ కొనే ఇంటావిడ తలుపు తీసి, "నువ్వా, ఎవరో మగమనిషి అనుకున్నానే" అని నవ్వితే అమ్మ కూడా నవ్వేసింది గాని, ఇంటికొచ్చాక ముద్ద ముట్టలేదు. ఒళ్ళొచ్చిందని, చేపల్లో బాగానే మిగులుతున్నట్టుందని ఎకసెక్కాలాడేవారు. రోహిణికార్తె ఎండల్లో, మేమంతా విసనకర్రలతో కొట్టుకుంటుంటే, చలేస్తోందని దుప్పటి కప్పుకుని పడుకునేది, మా మామ్మ దానికి బద్ధకమని పేరు పెట్టింది. శొంఠి, మిరియాల కషాయం, కరక్కాయ, ఎవరేం చెబితే అది చేశారు. ఇంతలో మెడ ముందు చిన్న వాపు తేలి, పూసలదండ బిగుసుకోవడం మొదలుపెట్టింది.

నాన్న భయపడి ఆస్పత్రికి తీసుకెళ్తానని బయలుదేరితే మా మేనమామ అడ్డుపడ్డాడు. "అది కొండల్లో వాళ్ళకొచ్చే జబ్బు బావా, సముద్రపు చేప దొరక్క వస్తాది. ఉప్పుగాల్లో పుట్టినోళ్ళం, మనకెందుకొస్తాది?" అన్నాడు. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు, అందుకే అందరూ నమ్మారు. ఆస్పత్రి మాట పక్కన పెట్టి అమ్మ కంచంలో పెద్ద ముక్కలు వెయ్యడం మొదలుపెట్టారు. ఆకలే లేని మనిషి, ఆ ముక్కలు మాకే పంచేది.

చివరికి కేక నేను అందుకున్నాను. తట్ట అమ్మది, గొంతు నాది. "సాగదియ్యవే, పిలిచినట్టుండాల, తిట్టినట్టు కాదు" అని వెనక నుంచి ఆ బొంగురు గొంతుతోనే నేర్పేది. నాకు పెళ్ళయ్యాక ఆమె తట్ట ఎత్తడం మానేసింది, ఆ తర్వాత ఎక్కువ కాలం లేదు. ఒక్క చుక్క రక్తం తీసి చూసినవాళ్ళు లేరు.

ఇవన్నీ నెమరేసుకుంటూనే సాయంత్రం డాక్టరు గారి ముందు కూర్చున్నాను. ఆవిడ ఓపిక గల మనిషి. నా ముఖం చూసి, రిపోర్టు నా వైపు తిప్పి చెప్పింది. "టీఎస్‌హెచ్ అంటే కేక అనుకోండమ్మా. మెదడు కింద చిన్న గ్రంథి ఉంటుంది, మెడలో ఉన్న థైరాయిడ్‌ని పని చెయ్యమని పిలుస్తుంది. ఇది పలక్కపోతే అది ఇంకా గట్టిగా అరుస్తుంది. అందుకే ఈ అంకె పెరిగింది." నాకు ఇంకెవరూ విడమర్చి చెప్పక్కర్లేకపోయింది, తలుపు తియ్యని ఇంటి ముందు ఎలా అరవాలో తెలిసినదాన్ని. టీ ఫోర్ అనేది థైరాయిడ్ ఇచ్చే సరుకట. యాంటీబాడీలంటే ఒంటికి కాపలా ఉండాల్సినవే ఒంటి మీద పడ్డాయని గుర్తట. జబ్బు ఎందుకొచ్చిందో అవి చెబుతాయి గాని, ఆ అంకె ఎంత పెద్దదైతే ముప్పు అంత పెద్దదని కాదట.

మాత్ర ఎలా వేసుకుంటున్నావని మా అమ్మాయిని అడిగింది. "కాఫీతోనండి, ఐరన్ మాత్ర కూడా అప్పుడే మింగేస్తానండి, బస్సు వచ్చేస్తుంది కదండీ" అంది మా పిల్ల. డాక్టరు గారు నవ్వి, కాఫీ, ఐరను కలిసి అసలు మాత్రని ఒంటికి పట్టనివ్వవని చెప్పింది. లేవగానే మంచినీళ్ళతో మాత్ర, కాఫీ ఒక గంట ఆగి, ఐరను మధ్యాహ్నానికి. రెండు నెలలకి మళ్ళీ పరీక్ష. నేను ఊరుకోలేక, రెండు పూటలా సముద్రపు చేపే పెడుతున్నానండీ అన్నాను. పెట్టండమ్మా మంచిదే, కానీ ఇది చేప తక్కువై వచ్చింది కాదు అంది. మా మేనమామ మాట ఇన్నేళ్ళుగా నా వంటింట్లో కాపురమున్నదని అప్పుడు తెలిసింది.

గొంతు పోతుందా అని అడిగాను. మందు సరిగ్గా పడితే తేరుకుంటుందంది. అప్పుడు అమ్మ సంగతి చెప్పాను. పరీక్ష లేకుండా చెప్పలేను గాని అదే అయ్యుండొచ్చు అంది. ఈ మాత్ర ఈమధ్య కనిపెట్టిందా అన్నాను. "లేదమ్మా, అప్పుడూ ఉంది" అంది.

బయటికొచ్చాక రోడ్డు అవతల ఆటో ఒకటి వెళ్ళిపోతుంటే మా అమ్మాయి చెయ్యెత్తి పిలిచింది. మొదటిసారి మాట చీరుకుపోయింది. రెండోసారి సాగదీసి పిలిచింది, ఆటో ఆగింది. అలా సాగదియ్యడం దానికెవరూ నేర్పలేదు.

ఇప్పుడు మా ఇంట్లో కాఫీ గ్లాసు నా కాపలాలో ఉంటోంది. అమ్మాయి తిట్టుకుంటూ గంట ఆగుతోంది, నేను గడియారం చూస్తూ అటూ ఇటూ తిరుగుతున్నాను. వీధిలో మైకు అరుస్తూ ఉంటుంది. అది ఎవరి గొంతో, ఆ మనిషి ఇప్పుడెలా ఉన్నాడో ఎవరికీ పట్టదు. మా అమ్మ గొంతు మారితే ఊరూరికీ తెలిసింది గాని, ఎందుకు మారిందో ఒక్కరికీ తెలియలేదు. రోజూ ఆ మాత్ర సీసాలోంచి తీసి అరచేతిలో వేసుకుని చూస్తాను. మెంతిగింజ కంటే కాస్త పెద్దది, అంతే. అప్పుడూ ఉందట.