లెక్కలో లేని పడవావిడ

మా మూడో అంతస్తు తమ్ముడు నాకు సొంత తమ్ముడు కాడు. ఏళ్ళ తరబడి ఒకే మెట్లు ఎక్కి దిగుతున్నాం గనక నేను అక్కయ్యనయ్యాను, అతను తమ్ముడయ్యాడు, అతని భార్య నాకు మరదలయింది. భవనమంతా అతన్ని నీడలాయన అంటుంది. ఆ పేరు పెట్టింది నేనే. కొత్తగా దిగిన రోజున సామాన్లలో ఒక మంచం, వాలు బల్ల, సిరా సీసాలు, కుంచెలు తప్ప మరేమీ కనిపించకపోతే ఊరుకోలేక ఏం పని చేస్తావు నాయనా అని అడిగాను. బొమ్మల కథల కంపెనీలో మనుషుల కాళ్ళ కింద నీడలు వేస్తానన్నాడు. అదీ ఒక ఉద్యోగమేనా అని నవ్వాను. అతనూ నవ్వాడు. మరదలు మాత్రం నవ్వలేదు. నన్ను ఒక చూపు చూసి మంచం పైకి ఎక్కించే పనిలో పడింది.

అతను నీడలు వేసే ఆ కథ సంగతి చెప్పాలి. పగిలిన గంటలు బాగుచేసేవాడొకడు తను పుట్టిన ఊరి గంటని కంచరగాడిద మీద వేసుకుని ఊరూరా ఆగుతూ ఇంటికి పోతుంటాడు. అంతే కథ. పోతూనే ఉన్నాడు, ఇంకా చేరలేదు. మా అమ్మాయి గౌన్లు వేసుకునేటప్పుడు బయల్దేరినవాణ్ణి ఇప్పుడు మా మనవరాలు చదువుతోంది. ఇలాంటి జపాను తరహా బొమ్మల కథని మాంగా అనాలట. నేను చదివింది నాలుగో తరగతే గానీ, బొమ్మలు ఎక్కువ, మాటలు తక్కువ గనక మొదటి భాగం నుంచీ ఒక్కటీ వదల్లేదు. వాడు ఏ ఊళ్ళో ఎవరింట్లో పడుకున్నాడో, ఎవరితో తగువు పెట్టుకున్నాడో నాకు మా వీధి సంగతుల్లాగే నోటికొచ్చు.

కంపెనీలో ఒక పద్ధతి ఉండేది. కథ పుట్టించిన గురువుగారు మనుషుల్ని పెన్సిలుతో గీసి ఇస్తే, నీడలాయన లాంటివాళ్ళు గోడలు, చెట్లు, వాన, బట్టల మడతలు, నీడలు అన్నీ పూర్తిచేస్తారు. కళ్ళ జోలికి మాత్రం పోకూడదు. మొహంలో ఆ రెండు చోట్లూ తెల్లగా వదిలేయాలి. చివర్లో గురువుగారు వచ్చి సిరాతో కళ్ళు పెడతారు. పెద్దవి, గుండ్రటివి, ఒక్కో కంట్లో రెండేసి తెల్ల చుక్కలు. రాజుకైనా, దొంగకైనా, గాడిదకైనా అవే కళ్ళు.

మరదలు బస్సు కండక్టరు. ఆమె ఎడమ రెప్ప కాస్త వాలి ఉండేది. నిద్రమొహం అనుకుని మోసపోయినవాళ్ళు చాలామంది. ఆ రెప్ప కింద నుంచి ఒక్క చూపు చూసి "ఎక్కడికి?" అందంటే టికెట్ లేనివాడు తనంతట తనే దిగిపోయేవాడు. నామీదా ఒకసారి పడిందా చూపు. టికెట్ చేతిలోనే ఉన్నా సంచీ అంతా తడుముకున్నాను.

గురువుగారు మంచాన పడిన ఏడాదే మరదలూ మంచాన పడింది. కథ ఆగడానికి వీల్లేదని కంపెనీ అంది. కళ్ళతో సహా అన్నీ నువ్వే గీసెయ్యమని నీడలాయనకి అప్పజెప్పింది. అతను బల్లని మరదలి మంచం పక్కకి జరుపుకున్నాడు. అప్పటికి కథలో గంటలవాడు పెద్ద నది ఒడ్డుకొచ్చి ఉన్నాడు. వాడికి ఈత రాదు. మూడో భాగంలోనే చెరువులో పడి చావు తప్పి బయటపడ్డాడు. నది దాటించడానికి ఒక మనిషి కావాలి. తమ్ముడు తలెత్తితే ఎదురుగా ఉన్నది మరదలు. అలా పుట్టింది పడవావిడ. అదే మొహం, అదే మెడ, నడుం మీద అదే చెయ్యి, వాలిన రెప్పతో సహా. పడవెక్కేవాళ్ళని ఆమె కూడా ఎక్కడికి అనే అడిగేది.

మరదలు మొదటిసారి ఆ పేజీ చూసినప్పుడు నేను అక్కడే ఉన్నాను. గంజి పట్టుకెళ్ళాను, అది సాకు.

"నా ముక్కు ఇంత లావా?" అంది.

"పడవ నడిపేవాళ్ళకి అంత ఉంటుంది."

చాలాసేపు చూసింది. "సరే, ఉండనీ. కథలో మాత్రం నన్ను చంపకు," అంది.

చంపనన్నాడు. తర్వాత మరదలు పోయింది, గురువుగారూ పోయారు. కథని వేరేవాళ్ళ చేతికిచ్చి కంపెనీ నడిపిస్తూనే ఉంది. గురువుగారి కళ్ళు లేని పేజీలు ఎవరికి కావాలని తమ్ముడు గీసిన అసలు కాగితాలన్నీ అతనికే తిప్పి పంపేసింది. అట్టపెట్టెలో పెట్టి, తాడుకూడా సరిగ్గా కట్టకుండా. అప్పుడే నాకు ఆ కంపెనీ అంటే వెగటు పుట్టింది. తమ్ముడు మాత్రం పెట్టెని మంచం కింద పెట్టుకుని నీడల పనికి తిరిగి వెళ్ళిపోయాడు.

ఇది జరిగిన చాలా ఏళ్ళకి, మా మనవరాలు చదువుకోవడానికి నా దగ్గరకి వచ్చాక, ఒక సాయంత్రం నీడలాయన మా ఇంట్లో టీ తాగుతున్నాడు. మనవరాలు ఫోనులోంచి తలెత్తి శుభవార్త అంది. కంపెనీ ఏది అసలు కథో తేల్చేసిందట. గురువుగారు తన చేత్తో కళ్ళు పెట్టిన పేజీలే అసలువి, దాన్ని కానన్ అంటారట. ఆయన ఒప్పుకున్న మనుషులే ఉంటే, ఆయన పోయాక కంపెనీ గీయించిన పేజీలు కూడా లెక్కలోకి వస్తాయట. మధ్యలో ఆయన మంచాన ఉన్నప్పటివి మాత్రం లెక్కలోకి రావట. కొత్తగా వేసే పుస్తకాల్లో ఉండవు, వాటిలో జరిగింది జరగనట్టే. చెత్త వదిలిందని చదివేవాళ్ళంతా ఫోన్లలో పండగ చేసుకుంటున్నారట.

"మరి పడవావిడ?" అన్నాను.

"ఆవిడ లేదు అమ్మమ్మా. చచ్చిపోయిందని కాదు. అసలు లేనే లేదు."

పిల్లకి తెలియదు. మరదలిని అది ఎప్పుడూ చూడలేదు. తమ్ముడు కప్పు కింద పెట్టి, టీ బాగుంది అక్కయ్యా అని లేచాడు. సగం కూడా తాగలేదు. మీగడ కట్టిన ఆ టీని పారబోశాను. తర్వాత పిల్లకి సంగతంతా చెప్పాను. మొహం ఎర్రబడింది గానీ వాదన మానలేదు. ఎవరో ఒకరు గీత గీయకపోతే ఎవడు పడితే వాడు ఏది పడితే అది కథ అనేస్తాడు కదా అంది. ఉండొచ్చు. కానీ గీత గీసినవాళ్ళు పోయినవాళ్ళని మళ్ళీ పోగొట్టడమేమిటి? పైగా దానికి చప్పట్లు. ఆ రాత్రి దాని ఫోనులో ఆ చప్పట్లు చూపించింది. ఒకడు పడవావిడ బొమ్మ మీద చెత్తబుట్ట బొమ్మ అతికించాడు. దాని కింద నవ్వులే నవ్వులు. చీమలు పట్టిన తీపి మీద చెయ్యి పడినట్టు ఫోను వదిలేశాను.

నెల తిరక్కుండానే కంపెనీ మనిషి వచ్చాడు. మెట్ల మీద కిర్రుమనే బూట్ల చప్పుడు వినగానే తలుపు తీశాను. ఎవరింటికి బాబూ అంటే పైకి అని వేలు చూపించాడు. అతను పూసుకున్న సెంటు కుళ్ళిన పళ్ళ మీద చక్కెర చల్లినట్టుంది. అతను పోయాక కూడా మెట్లు కంపు కొడుతూనే ఉన్నాయి. అందుకని సెంటాయన అనే అందాం. టీ పెట్టి పళ్ళెంతో నేనూ పైకెళ్ళాను. అడక్కపోయినా.

వచ్చిన పని ఇది. లెక్కలోకి రాని పేజీలు ఏరేశాక చూసుకుంటే గంటలవాడు నదికి ఈ ఒడ్డున ఒక పేజీలో ఉన్నాడు, తర్వాతి పేజీలో అవతలి ఒడ్డున ఉన్నాడు. మధ్యలో పడవ లేదు. పైగా పడవావిడంటే ఇష్టపడేవాళ్ళు తక్కువేమీ కాదట. అందుకని పడవ ఘట్టాన్ని అసలు కథలో కలుపుకుంటాం, గురువుగారి కళ్ళు ఉంటే చాలు అన్నాడు. గురువుగారు లేరు కదా అని నేను అడ్డం వచ్చాను. సెంటాయన నన్ను చూడలేదు. తమ్ముడి వైపే తిరిగి, ఆయన చేతికి దగ్గరగా ఉన్న చెయ్యి మీ ఒక్కరిదే అన్నాడు. పాత కళ్ళ మీద తెల్లరంగు వేసి గురువుగారి కళ్ళు పెట్టాలి. అసలు కాగితాల మీదే చెయ్యాలి, ఎందుకంటే వాటిని అద్దాల్లో పెట్టి చూపిస్తే గానీ జనం నమ్మరు. గురువుగారే మంచం మీద నుంచి గీశారని చెప్పుకుంటారట.

"మరి మిగతా మొహం ఎవరిది బాబూ?" అన్నాను.

"మొహం ఎవరు చూస్తారండీ పెద్దమ్మగారూ, కళ్ళే కదా చూసేది."

అని బిస్కెట్టు టీలో ముంచి, తడిసిన ముక్కని నాలుకతో అందుకున్నాడు. నేను తలుపు వైపు తిరిగాను. ఇక చూడలేకపోయాను.

తమ్ముడు ఒప్పుకున్నాడు. నాకు నచ్చలేదు. కాని అతని లెక్క అతనిది. మరదలు ఎక్కడో ఒకచోట ఉండాలి, ఎవరి చెయ్యి అనుకుంటే ఏం అన్నాడు. పెట్టె బయటికొచ్చింది. కిటికీ దగ్గర బల్ల వేసుకున్నాడు. మొదటి పేజీ పూర్తయ్యాక నన్ను పిలిచి చూపించాడు. మెడ మరదలిదే, నడుం మీద చెయ్యి మరదలిదే, ఆ లావు ముక్కు కూడా అదే. వాటి మధ్యలోంచి రెండు గుండ్రటి కళ్ళు, తెల్ల చుక్కలతో, ఐసులో పెట్టిన చేప కళ్ళలా నన్ను చూస్తున్నాయి. తెలిసినవాళ్ళ మొహంలో తెలియని మనిషి దూరి కూచున్నట్టుంది. 

"ఎవరు తమ్ముడూ ఈవిడ?" అన్నాను.

కుంచె నీళ్ళలో ముంచి చాలాసేపు తిప్పాడు.

"ఎవరో అక్కయ్యా. ఈవిడ కండక్టరైతే ఎవరైనా టికెట్ లేకుండా బస్సెక్కేయొచ్చు."

"మరెందుకీ పాడు పని?"

"లేకపోవడం కంటే నయం కదా."

 కిందకి వచ్చి, గిన్నెలు తోమినవే మళ్ళీ తోముకున్నాను.

ఆ వారంలోనే సెంటాయన చూసిపోవడానికి వచ్చాడు. నేనూ వెళ్ళాను, ఈసారి టీ కూడా లేకుండా. అతను పేజీని వెలుగులో పట్టుకుని అచ్చం గురువుగారేనని మురిసిపోయాడు. మిగతావి కూడా త్వరగా కానివ్వండి అన్నాడు. నా నోరు ఊరుకోదు కదా. కథ ముందుకెళ్ళాక ఈ పడవావిడ మళ్ళీ కనిపిస్తుందా అని అడిగాను. ఊరికే, తెలుసుకుందామని.

అతని మొహం విచ్చుకుంది. మొదటిసారి నా వైపు తిరిగాడు.

"కనిపించకేం పెద్దమ్మగారూ. రాబోయే భాగంలో పెద్ద వరద వస్తుంది. గంటలవాణ్ణి ఒడ్డుకి తోసి ఆవిడ మునిగిపోతుంది. అది చదివి ఏడవనివాడు ఉండడు, రాసిపెట్టుకోండి."

 తమ్ముడు అడిగాడు, ఆ మాట ముందు చెప్పలేదే అని. గొంతు పెంచలేదు.

"లెక్కలోకి తీసుకున్నాక వాడుకోవాలి కదా సార్. ఊరికే పడవ మీద ఎన్నాళ్ళు కూచోబెడతాం?"

అందుకన్నమాట అంత ప్రేమ. లేనిమనిషిని చంపడం కుదరదు గనక ముందు ఉందనిపిస్తున్నారు. గురువుగారి కళ్ళు పెట్టించి, తర్వాత నీళ్ళలో ముంచుతారు. ఆ కళ్ళు పెట్టించుకునేదీ మొగుడి చేతే. ఇంత మురికి ఆలోచన చేసిన మనిషి చేతిగుడ్డతో పెదాలు అద్దుకుంటూ ఎంత శుభ్రంగా ఉన్నాడో!

తమ్ముడు అతని చేతిలోంచి పేజీ తీసుకుని బల్ల మీద పెట్టాడు. బ్లేడు తీసి గుండ్రటి కళ్ళని గీకడం మొదలుపెట్టాడు. ముందు సిరా పోయింది, దాని కింద తెల్లరంగు పోయింది. పాత కళ్ళు బయటపడతాయేమోనని నేను వంగి చూస్తున్నాను. పాత కాగితం, ఆగలేదు. చిరిగి అక్కడ చిల్లు పడింది. కన్ను ఉండాల్సిన చోట బల్ల చెక్క కనిపించింది. తమ్ముడి చెయ్యి అప్పుడు ఆగింది.

సెంటాయన మండిపడ్డాడు. చేజేతులా పాడుచేసుకున్నారు, ఇక ఈ మనిషి కథలో ఉన్నట్టు ఎవరూ ఒప్పుకోరు, ఎన్నటికీ లేనట్టే అన్నాడు.

"లేనట్టే అనుకోండి," అన్నాడు తమ్ముడు. మిగతా కాగితాలు ఒకటొకటిగా పెట్టెలో సర్దుతున్నాడు. వాటిలో వాలిన రెప్పలు వాలినట్టే ఉన్నాయి. "మీ లెక్కలో లేనిదాన్ని మీరు ముంచలేరు కదా. ఆమె నన్ను అడిగింది అదొక్కటే."

సెంటాయన మెట్లు దిగిపోయాడు. నేను వెనకే వెళ్ళి మెట్లన్నీ సబ్బునీళ్ళతో కడిగాను. కంపెనీ ఆ తర్వాత తమ్ముణ్ణి పనికి పిలవలేదు. ఇప్పుడతను దుకాణాల బోర్డులు రాస్తాడు. చిల్లు పడ్డ పేజీ కూడా మిగతావాటితో పాటు ఆ పెట్టెలోనే ఉంది. దాన్ని ఎవరికీ చూపించడు, నాకు కూడా. అడిగి చూశాను.

కొత్త పుస్తకాలు వచ్చాయి. గట్టి అట్టలు, బంగారు అక్షరాలు. మనవరాలు కొనలేదు, స్నేహితురాలి దగ్గర్నుంచి తెచ్చి మా ముందు పెట్టింది. తమ్ముడు కూడా ఉన్నాడు. నది దగ్గర కొత్త పేజీ ఒకటి అతికించారు. గంటలవాడు ఈదుకుంటూ అవతలి ఒడ్డుకి పోతున్నాడు. ఈత రానివాడు. గాడిదతో సహా. మరి అంత బరువు గంట నీళ్ళ మీద ఎలా తేలిందని మనవరాలు ఫోనులో కంపెనీని నిలదీసిందట. జవాబు కూడా వచ్చింది, మర్యాదగా. నది దాటేటప్పుడు వాడి దగ్గర గంట లేదు, కాబట్టి అక్కణ్ణుంచి గంట కనిపించే పేజీలు కూడా లెక్కలోకి రావు అని.

పుస్తకాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని పిల్ల ఒళ్ళో పడేశాను. నీళ్ళలో నానిన చెప్పుని ముట్టుకున్నట్టుంది.

తమ్ముడు టీ ఆఖరి చుక్క దాకా తాగాడు.

"వాడికిక మిగిలింది గాడిదొక్కటే," అన్నాడు. "దానికి కళ్ళు గురువుగారే పెట్టారు గనక ఫరవాలేదు."