స్టోరుకీపరు ముందు లేవాలి

చనిపోయే ముందురోజు వెంకటగిరియప్ప మామ పొద్దున్నే చేసిన పని, చిక్కపేటలో మా పెళ్ళికార్డుల షాపులో కంప్యూటరు స్విచ్చి వేసి, అది పూర్తిగా లేచేదాకా చేతులు కట్టుకుని ఎదురుగా నిలబడటం. లేచాక, తెర మూలనున్న చిన్న బొమ్మలను వేలితో ఒక్కొక్కటే తాకి హాజరు తీసుకున్నాడు. "అందరూ ఉండారు. ఎక్కువెవరూ లేరు" అని చెప్పి కాఫీకి వెళ్ళాడు. రోజూ జరిగేదే కదా అని నేను తలెత్తి కూడా చూడలేదు.

ఆయనకున్న పిచ్చి ఒక్కటే. ఎక్కడికైనా అందరికంటే ముందు చేరుకోవాలి, ఎవరు ఏం పట్టుకొస్తున్నారో చూడాలి. పెళ్ళికి వెళితే పెళ్ళికొడుకు ఈయనను చూసి తనకు ఆలస్యమైందేమోనని కంగారుపడేవాడు. పళ్ళ డాక్టరు వచ్చేసరికి ఈయన కుర్చీలో నోరు తెరుచుకుని సిద్ధంగా ఉండేవాడట.

దీనికంతటికీ కారణం ఆయన ఉద్యోగం. ముప్పయ్యేళ్ళు ఒక కళ్యాణ మంటపంలో స్టోరుకీపరు. గుండిగలు, గరిటెలు, జంపఖానాలు ఆయన లోకం. తొంభై ఎనిమిదిలో రిటైరై, మా షాపు వెనక సందులో ఇంట్లో ఖాళీగా ఉండలేక కంప్యూటరు క్లాసులో చేరాడు. నెల తిరక్కుండా ఆ క్లాసు తాళాలు ఆయన దగ్గరికే చేరాయి. కోర్సు పూర్తయ్యేసరికి కంప్యూటరు మొత్తాన్నీ తనకు తెలిసిన భాషలోకి దించేసుకున్నాడు. హార్డ్ డిస్కు మంటపం. ప్రోగ్రాములు పెళ్ళివాళ్ళు. అన్‌ఇన్‌స్టాల్ అంటే మంటపం ఖాళీ చేసిపోవడం.

"పోయేటప్పుడు అంతా ఊడ్చేసినామనే చెప్తారు జరీనమ్మా. పొయ్యి వెనక చూస్తే కదా తెలిసేది" అనేవాడు.

ఒకసారి ఒక పెళ్ళివాళ్ళు మేడమీద గదిలో ఏకంగా ఒక ముసలమ్మనే మరిచిపోయి వెళ్ళారట. ఈయన తలుపు తీస్తే ఆమె లేచి కూర్చుని, రెండో బంతి వడ్డించారా అని అడిగిందట. ఆటోలో ఇంటి దగ్గర దింపి వచ్చాడు. అప్పటినుంచీ, ప్రోగ్రాము తీసేశాక మిగిలిపోయిన ప్రతి ఫైలూ ఆయనకు ముసలమ్మే. "ఇంగా ఇద్దరు ముసలమ్మలు ఉండారమ్మా" అని లోపలి గదిలోంచి కేకేస్తే, కార్డులు చూసుకోవడానికి వచ్చినవాళ్ళు నన్ను అనుమానంగా చూసేవారు.

పేటలో ఎవరి కంప్యూటరు కనబడినా ముందు స్టార్టప్ జాబితా తెరిచి, పిలవకుండా లేచేవాళ్ళనందరినీ బయటికి పంపేవాడు. ఒక్కదాన్ని మాత్రం ముట్టుకునేవాడు కాదు. అది ఆయనే తెచ్చి పెట్టిన అన్‌ఇన్‌స్టాల్ కాపలా ప్రోగ్రాము. కొత్త ప్రోగ్రాము ఏదొచ్చినా, అది ఏయే ఫైళ్ళు తెచ్చిందో రాసిపెట్టుకునేది. ఒకరోజు నాకు ఒళ్ళుమండి అడిగాను. "ఇదీ నన్నడక్కుండానే స్టార్టప్‌లో చేరింది కదా మామా. దీనికెందుకు మర్యాద?"

నేనేదో అపచారం మాట్లాడినట్టు చూశాడు.

"పెళ్ళివాళ్ళు వచ్చినాక స్టోరుకీపరొస్తే ఏం లాభం? వాళ్ళు రాకముందు ఏముండాదో చూసుకోవాల. వాళ్ళు ఏం తెచ్చిరో రాసుకోవాల. అప్పుడే కదా పోయేటప్పుడు వాళ్ళది వాళ్ళకిచ్చి, మనది మన దగ్గర పెట్టుకునేది? పెళ్ళివాళ్ళు ఎప్పుడొస్తారో చెప్పి రారు. అందుకే అది మంటపం తలుపు తీస్తూనే లేచి కూర్చుంటాది."

ఆ కాపలా వల్ల కంప్యూటరు లేవడానికి అర నిమిషం ఎక్కువ పట్టేది. రెండువేల రెండులో, పెళ్ళిళ్ళ సీజను నడుమ, ఆ అర నిమిషం ఓర్చుకోలేక నేను స్టోరుకీపరును స్టార్టప్‌లోంచి తీసేశాను. తర్వాత వారానికి ఒక కొత్త బొమ్మల ప్రోగ్రాము పెట్టి చూశాను. నచ్చలేదు, తీసేశాను. పోతూ పోతూ అది మన గరిటె ఒకటి ఎత్తుకుపోయింది. తెరమీద తెలుగు అక్షరాలన్నీ డబ్బాలైపోయాయి. మర్నాటికి ఆరువందల కార్డులివ్వాలి.

అసలే అప్పుడు నా షాపు దారానికి వేలాడుతోంది. కడుపు ఆపరేషనై రెండు నెలలు. ఇక ఎప్పటికీ బరువులెత్తకూడదని డాక్టరు చెప్పారు. మా అన్న కడప నుంచి వారం వారం ఫోను చేసి, ఒంటరిగా నీవల్ల కాదు, మూసేసి వచ్చెయ్ అనేవాడు. ఒక్క ఆర్డరు తప్పినా అన్న మాటే నెగ్గేది.

మామ వచ్చి డబ్బాలను చూశాడు.

"స్టోరుకీపర్ని ఎవరు పంపించేసినారు?"

"నేనే మామా."

తిట్టలేదు. సంచిలోంచి పాత మంటపం రిజిస్టరు తీశాడు. అందులో, గుండిగల లెక్కల కింద, మా తెలుగు ఫాంట్ల ప్రోగ్రాము పెట్టిన రోజున ఏయే ఫైళ్ళు తెచ్చిందో కాపలా ప్రోగ్రాము చూపించిందంతా చేత్తో రాసుకుని ఉన్నాడు. ఒక్కొక్కటే చదువుతూ వెతికాం. పోయింది ఒకే ఒక్క ఫైలు. పక్క వీధిలో ఇంకో కార్డుల షాపుకెళ్ళి దాన్ని ఫ్లాపీలో పట్టుకొచ్చాడు. సాయంత్రానికి అక్షరాలు తిరిగొచ్చాయి.

షాపు మూసేటప్పుడు, షట్టరు దించమని అడగడానికి బండి లాగే మనిషి ఎవరైనా వస్తారేమోనని తాళంచెవి వెతుకుతున్నట్టు నటిస్తూ నిలబడ్డాను. అది నా రోజువారీ నాటకం. మామ షట్టరు దించేసి, తెల్లారి వచ్చి నాకు నోటీసిచ్చాడు.

"నిన్ను నమ్మేదానికి లేదమ్మా. ఇంగో తాళంచెవి ఇయ్యి. కాపలా లేచిందో లేదో నేనే వచ్చి చూసుకుంటా."

ఆరోజు నుంచి నేను వచ్చేసరికి షట్టరు ఎత్తి ఉండేది, మామ హాజరు తీసుకుంటూ ఉండేవాడు. సాయంత్రం, అందరూ సరిగ్గా పడుకున్నారో లేదో చూడాలని మళ్ళీ తయారు. ఈయన పిచ్చి ముదిరిందని పేటలో అందరికీ చెప్పి నవ్వించాను. ఒకసారి ఆయనతోనే అన్నాను, "అది దానంతటదే లేస్తుంది కదా మామా. అందుకేగా స్టార్టప్‌లో ఉన్నది. ఇంక మీరెందుకు?"

"కాఫీ చల్లారిపోతాదమ్మా" అని వెళ్ళిపోయాడు.

ఆయన పోయాక, మొదటిరోజు వచ్చి షట్టరు ముందు నిలబడ్డాను. అది దించి ఉంది. నాలుగేళ్ళలో నేను దాన్ని ఒక్కసారి కూడా ముట్టుకోలేదని అప్పుడు తట్టింది. చేతిబండి తోసుకుపోతున్న ఒకాయనను ఆపి, నాటకం లేకుండా, కొంచెం ఎత్తిపెట్టన్నా అని అడిగాను. ఎత్తిపెట్టి వెళ్ళాడు. అడగడం ఇంత తేలికని మామ నాకు తెలియనివ్వలేదు.

పదిహేను రోజులకు ఆయన కూతురు దివ్య వచ్చి ఒక కవరిచ్చింది. అందులో నా తాళంచెవి, దానితోపాటు ఒక బస్సు పాసు. చందాపుర నుంచి మార్కెట్టుకు.

"ఇదెవరిది?" అన్నాను. ఆయన ఇల్లు మా వెనక సందులోనే కదా.

"ఆ ఇల్లు ఖాళీ చేసి మూడేండ్లాయ అక్కా. చందాపురలో మాతోనే ఉండె. మీకు చెప్పలేదా?"

చందాపుర అంటే ఊరవతల, బస్సులో గంటన్నర దారి. మొదటి బస్సు ఐదున్నరకట. ఒక్కరోజూ తప్పలేదా అని అడిగాను.

"తప్పేదా? డ్రైవరు టీ తాగి వచ్చేలోపలే పోయి బస్సులో కూర్చునేవాడు" అంది.